బలహీనమైన హైస్కూలు నుంచి పేరున్న కాలేజీకి: ఆ దరఖాస్తును అక్కడ ఎలా చదువుతారు?

అమెరికా కాలేజీ ప్రవేశాల్లో కొన్నేళ్లుగా మార్పు మీద మార్పు వస్తోంది. ప్రవేశాల్లో జాతిని ఒక ప్రమాణంగా తీసుకోవడం చెల్లదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోవిడ్ కాలంలో పక్కన పెట్టిన శాట్, ఏసీటీ ప్రవేశ పరీక్షలను 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్ మళ్లీ తప్పనిసరి చేశాయి. విద్యార్థి చదివిన స్కూలు, పెరిగిన పేట ఎలాంటివో కాలేజీలకు అంకెల్లో చూపే ల్యాండ్‌స్కేప్ అనే సాధనాన్ని, శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ 2025 సెప్టెంబరులో ఆపేసింది. టెక్సస్‌లో విద్యార్థికి తన స్కూల్లో ఉన్న ర్యాంకును బట్టి, రాష్ట్ర యూనివర్సిటీ అయిన యూటీ ఆస్టిన్‌లో నేరుగా సీటిచ్చే హద్దు, 2026 ఫాల్‌లో చేరేవారికి పై 6 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇవన్నీ వేర్వేరు వార్తల్లా కనిపిస్తాయి కానీ అన్నిటి అడుగున ఉన్న ప్రశ్న ఒకటే. ఒక విద్యార్థి ప్రతిభ ఎంత, అందులో స్కూలు అందించింది ఎంత అన్నది విడదీసి చూడటం ఎలా?

ఈ ప్రశ్న మీద అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘స్కూలే అంతంతమాత్రం, ఇక పెద్ద కాలేజీల ఊసెందుకు’ అనేది ఒకటి. ‘పోటీ లేని స్కూల్లో వేస్తే మొదటి ర్యాంకు మనదే, అదే తెలివైన పని’ అనేది ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే రెండూ మూడు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నాయి. దరఖాస్తును ఎలా చదువుతారన్నది ఒకటి. దరఖాస్తు చేయాలన్న ఆలోచన, చేయడానికి కావలసిన సమాచారం విద్యార్థి దాకా చేరుతున్నాయా అన్నది రెండోది. చేరాక అక్కడి చదువుకు తట్టుకోగలరా అన్నది మూడోది. బలహీనమైన స్కూలు చేసే నష్టం ఈ మూడింటిలో ఒకేలా ఉండదు. మొదటిదాంట్లో జనం భయపడేదానికన్నా తక్కువ, మిగతా రెండింటిలో అనుకునేదానికన్నా ఎక్కువ.

బలహీనమైన స్కూలు అని దేన్ని అంటున్నాం

ఇక్కడ బలహీనత అంటే ఉపాధ్యాయులు చెడ్డవాళ్లనో, పిల్లలు మొద్దులనో కాదు. అడ్మిషన్ ఆఫీసు కళ్లతో చూస్తే అది కొన్ని లక్షణాల కలయిక. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు, అంటే కాలేజీ స్థాయి పాఠాన్ని హైస్కూల్లోనే చెప్పే ఏపీ కోర్సులు, రెండో మూడో ఉంటాయి, లేదా అసలే ఉండవు. శాట్ సగటు జాతీయ సగటుకు దిగువన ఉంటుంది. పట్టా పుచ్చుకున్నవారిలో నాలుగేళ్ల కాలేజీకి వెళ్లేవారు తక్కువ. ఎంపిక కఠినంగా ఉండే కాలేజీకి ఆ స్కూలు నుంచి కొన్నేళ్లుగా ఎవరూ వెళ్లి ఉండరు.

కౌన్సిలర్ల కొరత కూడా ఇందులో భాగమే. ఒక కౌన్సిలర్‌కు 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని అమెరికా స్కూల్ కౌన్సిలర్ల సంఘం చెబుతుంది. దేశ సగటు ఇటీవలి సంవత్సరాల్లోనూ 370 దాటే ఉంటోంది. పెద్ద పట్టణాల్లోని కొన్ని పబ్లిక్ స్కూళ్లలో ఇంకా ఎక్కువ. ఆ కౌన్సిలర్ పని కాలేజీ సలహా ఒక్కటే కాదు. హాజరు, టైమ్ టేబుల్, పిల్లల మానసిక కష్టాలు అన్నీ ఆ ఒక్కరి బల్ల మీదకే వస్తాయి.

ఎంపిక కఠినంగా ఉండే కాలేజీ అన్నమాటకూ హద్దు గీసుకోవాలి. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ వంటివి వందమంది దరఖాస్తు చేస్తే ఐదుగురిని కూడా తీసుకోవు. వాటితోపాటు ఆమ్‌హర్స్ట్ వంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, యూటీ ఆస్టిన్, మిషిగన్, యూసీ బర్క్‌లీ వంటి రాష్ట్ర యూనివర్సిటీలు కూడా ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. వీటి నిబంధనలు ఒకదానితో ఒకటి పోలవు, గందరగోళంలో సగం అక్కడే పుడుతుంది.

ట్రాన్‌స్క్రిప్టుతోపాటు వెళ్లే రెండు పేజీలు

వెయ్యికి పైగా కాలేజీలకు ఒకే ఫారంతో దరఖాస్తు చేసుకునే ఏర్పాటు కామన్ యాప్. విద్యార్థి తన భాగం నింపుతాడు, కౌన్సిలర్ విడిగా స్కూల్ రిపోర్ట్ పంపుతారు. దానితోపాటు స్కూల్ ప్రొఫైల్ అనే చిన్న పత్రం వెళ్తుంది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని ఎన్నడూ చూసి ఉండరు. స్కూల్లో ఎంతమంది విద్యార్థులు, మార్కుల కొలబద్ద ఏమిటి, ఏపీ కోర్సులు ఎన్ని, ఏ ఏడు ఏది తీసుకోవచ్చు, శాట్ సగటు ఎంత, గత ఏడాది పిల్లలు ఎక్కడెక్కడ చేరారు అన్నవి అందులో ఉంటాయి. అడ్మిషన్ అధికారి ట్రాన్‌స్క్రిప్టును, అంటే విద్యార్థి కోర్సులు, గ్రేడుల పట్టికను, దీని పక్కన పెట్టుకునే చదువుతారు.

స్కూల్ రిపోర్ట్‌లో ఒక ప్రశ్న ఉంది. ఈ విద్యార్థి ఎంచుకున్న కోర్సులు ఎంత కఠినమైనవి అని అడిగి, సాధారణం నుంచి అత్యంత కఠినం దాకా గడులు ఇస్తారు. ఆ పోలిక మీ స్కూల్లో కాలేజీకి సిద్ధమయ్యే మిగతా విద్యార్థులతో చేయమని ప్రశ్నలోనే ఉంటుంది. దేశంలోని విద్యార్థులందరితో పోల్చమని అడగరు. ఉన్నవి మూడు ఏపీలే అయి, మూడూ తీసుకున్న పిల్లకు కౌన్సిలర్ అత్యంత కఠినం అనే గడిలో టిక్కు పెట్టవచ్చు. ఉన్న పాతికలో ఏడు తీసుకున్న పిల్లకు అది దక్కకపోవచ్చు.

అంకెలతో చూద్దాం. ఊహకు ఇద్దరు అమ్మాయిలు. ఇద్దరూ నాలుగేళ్లలో 24 కోర్సులు చేశారు, అన్నిటిలోనూ ఏ గ్రేడే. మామూలు కోర్సులో ఏ వస్తే 4 పాయింట్లు, ఏపీ కోర్సులో వస్తే 5. మొదటి అమ్మాయి స్కూల్లో 25 ఏపీలున్నాయి, ఆమె 7 చేసింది. 17 మామూలు కోర్సులకు 68, 7 ఏపీలకు 35, మొత్తం 103. 24తో భాగిస్తే జీపీఏ, అంటే గ్రేడుల సగటు, 4.29. రెండో అమ్మాయి స్కూల్లో ఉన్నవే 3, మూడూ చేసింది. 84కు 15 కలిపితే 99, జీపీఏ 4.13. ఒక్క బీ గ్రేడు కూడా లేని రెండో అమ్మాయికి తన స్కూల్లో అంతకన్నా ఎక్కువ రావడం అసాధ్యం. ఇద్దరి మధ్య తేడా స్కూళ్లు అందించిన కోర్సులది, పిల్లల శ్రమది కాదు. ప్రొఫైల్ పక్కన పెట్టుకుని చదివే అధికారికి ఇది తెలుస్తుంది. చాలా కాలేజీలు జీపీఏను తమ పద్ధతిలో మళ్లీ లెక్క వేసుకునేదీ ఇందుకే.

అధికారులకు ప్రాంతాలు పంచి ఉంటాయి. ఒక రాష్ట్రం లేదా కొన్ని జిల్లాలు ఒకరి బాధ్యత. ఏళ్ల తరబడి అదే ప్రాంతపు దరఖాస్తులు చదివేవారికి ఏ స్కూల్లో ఏ గ్రేడుకు ఎంత విలువో అవగాహన ఉంటుంది. కాబట్టి స్కూలు పేరు చూసి దరఖాస్తు పక్కన పడేస్తారన్న భయానికి ఆధారం లేదు. అదే సమయంలో, స్కూలు బలహీనమైనది కాబట్టి జాలితో మార్కులు కలుపుతారన్నదీ నిజం కాదు. ఉన్న అవకాశంతో ఎంత దూరం వెళ్లింది అన్న ప్రశ్న తర్వాత, ఇక్కడి మొదటి ఏడాది లెక్కల క్లాసులో నిలబడగలదా అన్న ప్రశ్న కూడా అదే అధికారి అడుగుతారు. నూటికి ఐదుగురికే చోటున్నచోట మన ఉదాహరణలోని ఇద్దరికీ తిరస్కారమే రావచ్చు.

ఆ చదివే పద్ధతిలోని పగుళ్లు

కాగితం మీద న్యాయంగా కనిపించే ఈ పద్ధతి, కాగితాలు సరిగ్గా చేరతాయన్న నమ్మకం మీద నిలబడింది. అది చాలాచోట్ల వమ్మవుతుంది. కొన్ని స్కూళ్ల ప్రొఫైళ్లు ఏళ్ల క్రితంవి, కొన్నిటికి అసలు ఉండవు. వందల మందిని చూసే కౌన్సిలర్ రాసే లేఖ ‘కష్టపడే విద్యార్థి, మంచి నడవడిక’ దగ్గర ఆగిపోతుంది. ఖరీదైన ప్రైవేటు స్కూల్లో కౌన్సిలర్ చేతిలో కొద్దిమందే ఉంటారు, ఒక్కో విద్యార్థి గురించి పేజీ నిండా సంఘటనలతో రాయగలరు.

ఈ తేడా ఫలితాల్లో కనిపిస్తుంది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన పరిశోధనలో హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది ఐవీ కాలేజీలతోపాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగోలను పరిశీలించారు. ఒకే శాట్ మార్కులున్నా, అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలు ఈ కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకన్నా రెట్టింపుకు పైగా ఉంది. పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం, క్రీడాకారుల ఎంపిక, చదువేతర అంశాలకు వేసే మార్కులు దీనికి మూడు ప్రధాన కారణాలని తేల్చారు. ప్రైవేటు స్కూళ్ల పిల్లలకు మూడోదాంట్లో పైచేయి ఉంది. విద్యార్థిని సందర్భంతో చదువుతామని చెప్పే పద్ధతే, సందర్భాన్ని చక్కగా వివరించగల స్కూలుకు మేలు చేస్తోందన్నమాట. ఇది చిన్న లోపం కాదు.

లేని కోర్సుల సంగతీ ఉంది. దేశంలోని హైస్కూళ్లలో దాదాపు సగంలో కాలిక్యులస్ చెప్పరు. ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది గోడే. కాల్‌టెక్ చాలాకాలం కాలిక్యులస్, భౌతిక, రసాయన శాస్త్రాలు హైస్కూల్లో చదివి తీరాలని పట్టుబట్టింది. 2023లో ఆ నిబంధన సడలించింది. కోర్సు దొరకని విద్యార్థి ఖాన్ అకాడమీలో ఉచితంగా పాఠం చదివి, స్కూల్‌హౌస్ అనే వేదికలో 90 శాతం పైగా మార్కులతో ధ్రువీకరణ తెచ్చుకుంటే చాలంది. ఇంకా ఎక్కువమంది వాడే దారి కమ్యూనిటీ కాలేజీ, అంటే ఊళ్లోని రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. హైస్కూలు విద్యార్థులకు అక్కడ కోర్సులు చదివే వీలు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఆ ట్రాన్‌స్క్రిప్టు దరఖాస్తులో రెండు పనులు చేస్తుంది: పాఠం వచ్చని చూపుతుంది, స్కూల్లో లేనిదాన్ని వెతుక్కుని వెళ్లిందనీ చూపుతుంది.

శాట్ ఎవరికి మేలు చేస్తుంది?

ఈ వాదన ఎన్నాళ్లుగానో సాగుతోంది. పరీక్ష వద్దనేవారి మాట తేలిగ్గా తీసేయలేం. శాట్ మార్కులు కుటుంబ ఆదాయంతో పాటే పెరుగుతాయి. ట్యూషన్, ప్రశాంతమైన గది, రెండోసారి మూడోసారి రాసే వీలు ఎవరికుంటాయో తెలిసిందే. బలహీనమైన స్కూల్లో చదివే పిల్ల మార్కులు ఆమె బుర్రతోపాటు ఆ స్కూల్లో చెప్పని ఆల్జీబ్రాను కూడా కొలుస్తాయి. హైస్కూలు గ్రేడులు నాలుగేళ్ల శ్రమకు అద్దం పడతాయని, కాలేజీ పూర్తి చేస్తారా లేదా అన్నది అవే బాగా చెబుతాయని చూపిన పరిశోధనలున్నాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ, అంటే యూసీ, 2020లో ఈ దారి పట్టి, ఇప్పుడు ప్రవేశాల్లో శాట్ మార్కులను చూడనే చూడదు. విశేషమేమంటే, పరీక్ష మార్కులు తమ విద్యార్థుల ఫలితాలను ఊహించడానికి పనికొస్తున్నాయని అదే ఏడాది సొంత అధ్యాపకుల బృందం నివేదిక ఇచ్చినా పాలకమండలి పక్కన పెట్టింది.

పరీక్ష కావాలనేవారి వాదన సరిగ్గా మన విద్యార్థి దగ్గరే మొదలవుతుంది. బలమైన స్కూలు పిల్లలు చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోగలరు. ఆ స్కూలు ఏ గ్రేడుకు అర్థమేమిటో అధికారికి తెలుసు. ఎవరికీ తెలియని స్కూల్లో వచ్చిన ఏ గ్రేడుకు సాక్ష్యం ఏది? ఎంఐటీ 2022 మార్చిలో పరీక్షను తిరిగి తెచ్చినప్పుడు ఇదే చెప్పింది: పై స్థాయి కోర్సులు లేని స్కూళ్ల నుంచి వచ్చే సమర్థులను గుర్తించడానికి పరీక్ష మార్కులు సాయపడుతున్నాయని. డార్ట్‌మత్ ప్రొఫెసర్ల అధ్యయనంలో బయటపడింది మరీ బాధ కలిగించేది. పరీక్ష ఐచ్ఛికంగా ఉన్న కాలంలో పేద కుటుంబాల పిల్లలు కొందరు 1600కు 1400 చుట్టుపక్కల వచ్చిన మార్కులను తక్కువనుకుని దాచేశారు. ఆ మార్కులు పంపి ఉంటే వారికే లాభించేది, ఎందుకంటే కాలేజీ వాటిని వారి స్కూలు సగటుతో పోల్చి చదువుతుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో కనిపించే 1500 పై సగటు చూసి, తమది చాలదని ఆ పిల్లలు తమంతట తామే తేల్చుకున్నారు.

శాట్ సగటు 960 ఉన్న స్కూల్లో 1410, సగటు 1280 ఉన్న స్కూల్లో 1480. రెండో అంకె పెద్దది, మొదటి అంకె అరుదైనది. పరీక్షను సమర్థించేవారంతా చివరికి ఈ పోలిక మీదే ఆధారపడుతున్నారు. కాలేజీ అలా పోల్చి చదవకపోతే ఆ వాదన కూలిపోతుంది. ల్యాండ్‌స్కేప్ ఆగిపోవడం మీద ఆందోళన అందుకే. స్కూలు సగటును, పేట ఆదాయాన్ని ఒకచోట చూపిన సాధనం అది. ఇక ప్రతి కాలేజీ ఆ సమాచారాన్ని స్కూల్ ప్రొఫైళ్ల నుంచీ, జనగణన లెక్కల నుంచీ సొంతంగా కూర్చుకోవాలి. సిబ్బంది, డబ్బు ఉన్న కాలేజీలకు అది కుదురుతుంది.

ర్యాంకు ఒక్కటే చూసే టెక్సస్, కాలిఫోర్నియా లెక్క

కొన్ని రాష్ట్రాలు ఈ చిక్కుముడిని వేరే విధంగా కోసేశాయి. స్కూళ్లను ఒకదానితో ఒకటి పోల్చడమే మానేసి, ప్రతి స్కూల్లోనూ పైనున్నవారిని తీసుకుందామన్నాయి. టెక్సస్ 1997లో చట్టం చేసింది. అంతకుముందు ఏడాది హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ కోర్టు తీర్పు వల్ల జాతి ప్రమాణం అక్కడ ఆగిపోవడం దీనికి కారణం. స్కూల్లో పై 10 శాతంలో ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. యూటీ ఆస్టిన్‌కు తాకిడి ఎక్కువై, టెక్సస్ విద్యార్థుల సీట్లలో 75 శాతానికి మించి ఇలా నింపనక్కరలేదని మినహాయింపు ఇచ్చారు. దాంతో అక్కడి హద్దు కొన్నేళ్లు 6 శాతంగా ఉండి, ఇప్పుడు 5కు దిగింది.

పన్నెండో తరగతిలో 800 మంది ఉన్న శివారు స్కూల్లో 5 శాతం అంటే 40 మంది. 60 మంది ఉన్న పల్లె స్కూల్లో ముగ్గురు. మొదటిచోట 41వ ర్యాంకు, శాట్ 1520 ఉన్న అబ్బాయి యూటీ ఆస్టిన్‌లో మామూలు పోటీలో పడతాడు. రెండోచోట మూడో ర్యాంకు, శాట్ 1150 ఉన్న అబ్బాయికి సీటు ఖాయం. అన్యాయం అన్న మాట మొదటి ఇంట్లో వినిపించడం సహజం. రెండో ఇంటివారి జవాబూ వినాలి: ఆ యూనివర్సిటీ రాష్ట్రంలోని ప్రతి ఊరి పన్నుతో నడుస్తుంది, ఆ ఊళ్ల నుంచి దశాబ్దాల పాటు అక్కడికి ఎవరూ వెళ్లలేదు.

ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు అని శాండ్రా బ్లాక్, జెఫ్రీ డెనింగ్, జెస్సీ రాత్‌స్టీన్ టెక్సస్ లెక్కలు తీశారు. ఈ చట్టం వల్ల కొత్తగా లోపలికి వచ్చిన బలహీన స్కూళ్ల పిల్లలు కాలేజీ చదువు పూర్తి చేయడంలో ముందుకు వెళ్లారు. చోటు కోల్పోయిన బలమైన స్కూళ్ల పిల్లలు మరో కాలేజీలో చేరి, పట్టాలోగానీ సంపాదనలోగానీ చెప్పుకోదగ్గ నష్టం లేకుండా బయటపడ్డారు. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బలంగా తోచిన ఆధారం ఇది. విమర్శకులు చెప్పే ఇంకో మాటలోనూ బరువుంది: స్కూళ్లు ఆదాయాన్ని బట్టీ, జాతిని బట్టీ విడిపోయి ఉంటేనే ఈ పద్ధతి వైవిధ్యాన్ని తెస్తుంది, అంటే ఆ విభజన అలాగే ఉండటం మీదే ఇది ఆధారపడి ఉంది.

కాలిఫోర్నియాలో యూసీ ప్రతి స్కూల్లో పై 9 శాతానికి హామీ ఇస్తుంది. కానీ ఆ హామీ బర్క్‌లీకో లాస్ ఏంజెలెస్‌కో కాదు. కోరుకున్న క్యాంపస్‌లలో రాకపోతే, ఖాళీ ఉన్న ఏదో ఒక క్యాంపస్‌లో చోటు దొరుకుతుంది.

ఇక పోటీ తక్కువున్న స్కూలుకు మారదామా అన్న ఆలోచన సంగతి. ఇది మన ఇళ్లలో మాత్రమే పుట్టింది కాదు. టెక్సస్ చట్టం తర్వాత ఏం జరిగిందో చూసిన ఆర్థికవేత్తలు, అలా మారితే లాభం ఉండి, మారే వీలు కూడా ఉన్న పిల్లల్లో కనీసం 5 శాతం మంది ర్యాంకు కోసం వేరే స్కూలు ఎంచుకున్నారని గుర్తించారు. వారిలో ఎక్కువమంది పోటీ ఎక్కువున్న మాగ్నెట్ స్కూలు, అంటే ప్రత్యేక పాఠ్యక్రమంతో ఊరంతటి నుంచీ పిల్లలను తీసుకునే పబ్లిక్ స్కూలు, వదిలి, ఇంటి దగ్గరి మామూలు స్కూల్లో చేరినవారు. అయితే ఈ లెక్క కుదిరే చోటు చాలా ఇరుకు. నేరుగా ప్రవేశం అంటే యూనివర్సిటీలో ప్రవేశమే, కోరిన కోర్సులో కాదు. యూటీ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ కోరుకునేవారిని విడిగా పరిశీలిస్తారు, అక్కడ ఏ కోర్సులు చదివారన్నదీ చూస్తారు. టెక్సస్ చట్టం ఆ రాష్ట్రంలోనే ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ రైస్‌కూ వర్తించదు, స్టాన్‌ఫర్డ్‌కూ వర్తించదు. కాలిక్యులస్, భౌతికశాస్త్రం చెప్పే స్కూలు వదిలి ర్యాంకు కోసం వెళ్లిన పిల్ల, చివరికి కంప్యూటర్ సైన్స్ సీటుకే పోటీ పడుతుంటే ఆ మార్పు ఆమె మీదకే తిరుగుతుంది.

అసలు దరఖాస్తే చేయనివాళ్లు

కారొలైన్ హాక్స్‌బీ, క్రిస్టఫర్ ఏవరీ దేశమంతటి శాట్, ఏసీటీ లెక్కలు తీసినప్పుడు బయటపడిన విషయం, ప్రవేశాల గురించి ఆలోచించేవారి దృష్టిని మళ్లించింది. పేద కుటుంబాల్లో మంచి మార్కులున్న పిల్లల్లో అత్యధికులు ఎంపిక కఠినంగా ఉండే ఒక్క కాలేజీకీ దరఖాస్తే చేయడం లేదు. తిరస్కారం కాదు, దరఖాస్తే లేదు. చేస్తున్న కొద్దిమంది పెద్ద నగరాల్లో, పేరున్న పబ్లిక్ స్కూళ్ల దగ్గర ఉన్నవారు. చేయనివారు చెల్లాచెదురుగా ఉన్నారు. వారి స్కూల్లో ఆ స్థాయి విద్యార్థి ఏ నాలుగేళ్లకో ఒకరు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, కానీ అడగవచ్చని చెప్పేవారే అక్కడ లేరు.

భయం ఎక్కువగా డబ్బు దగ్గర ఉంది. ఏడాదికి 90 వేల డాలర్ల దాకా ప్రకటిత ఖర్చు చూడగానే పేజీ మూసేస్తారు. 2025-26 నుంచి హార్వర్డ్ లక్ష డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల నుంచి ఏమీ తీసుకోవడం లేదు, వసతి, భోజనంతో సహా. 2 లక్షల వరకు ట్యూషన్ ఫీజు లేదు. అవసరమంతా తీరుస్తామని చెప్పే కాలేజీలు ఇంకా చాలా ఉన్నాయి. తక్కువ ఆదాయమున్న కుటుంబానికి అలాంటి ప్రైవేటు కాలేజీ, సొంత రాష్ట్రపు యూనివర్సిటీకన్నా చౌకగా పడటం మామూలే. కుటుంబ వివరాలిస్తే నికర ఖర్చు అంచనా చెప్పే కాలిక్యులేటర్ ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ ఉండాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకు, అంటే హెచ్-1బీ ఉద్యోగుల పిల్లలకు, మాత్రం లెక్క మారుతుంది. వారికి ఫెడరల్ సహాయం రాదు, చాలా కాలేజీలు వారిని విదేశీ విద్యార్థులుగా చూసి, డబ్బు కట్టగలరా అన్నది ప్రవేశ నిర్ణయంలోనే లెక్కిస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్ వంటి కొన్నే ఆ తేడా చూపవు.

సమాచారం పంపితే సరిపోతుందా? హాక్స్‌బీ, సేరా టర్నర్ కలిసి ఒక్కోటి సుమారు 6 డాలర్ల ఖర్చుతో సమాచార పొట్లాలు తపాలాలో పంపి చూస్తే దరఖాస్తులు పెరిగాయి. అదే ఆలోచనను తర్వాత కాలేజ్ బోర్డ్ దేశవ్యాప్తంగా చేస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మిషిగన్ యూనివర్సిటీ ఇంకో పని చేసింది. తక్కువ ఆదాయం, మంచి మార్కులు ఉన్న విద్యార్థులకు పేరు పెట్టి ఉత్తరం రాసింది: నీకు ప్రవేశం వస్తే నాలుగేళ్ల ట్యూషన్ ఉచితం, ఫారాలు నింపి నిరూపించుకోనక్కరలేదు. ఉత్తరం అందనివారిలో 26 శాతం దరఖాస్తు చేస్తే, అందినవారిలో 68 శాతం చేశారు. చేరినవారు రెట్టింపు దాటారు. ఆ విద్యార్థుల్లో ఎక్కువమందికి ఉత్తరం లేకపోయినా దాదాపు అంతే సహాయం దొరికేది. ‘రావచ్చు’ అన్నచోట ‘వస్తుంది’ అని రాసి చెప్పడం ఒక్కటే కొత్తది.

క్వెస్ట్‌బ్రిడ్జ్ సంస్థ చేసేదీ ఇలాంటిదే. తక్కువ ఆదాయమున్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి ఆ సంస్థ భాగస్వామ్య కాలేజీల్లో 15 దాకా ఎంచి వరసగా పెడితే, జత కుదిరిన కాలేజీ నాలుగేళ్ల పూర్తి ఖర్చు భరిస్తుంది. గ్రామీణ విద్యార్థుల కోసం 2023లో 16 యూనివర్సిటీలతో మొదలైన స్టార్స్ కూటమి మరుసటి ఏడాది 32కు పెరిగింది. వాటి ప్రతినిధులు ఇంతకుముందు ఎవరూ తొంగిచూడని ఊళ్ల స్కూళ్లకు వెళ్తున్నారు.

చేరాక నిలబడగలరా?

తల్లిదండ్రులను లోలోపల తినేసే ప్రశ్న ఇది. బలహీనమైన స్కూలు నుంచి బలమైన కాలేజీకి వెళ్లి తేలిపోతే, చదువు మధ్యలో ఆగిపోతే? పరిశోధకుల్లోనూ ఒక వర్గం ఇదే అంటుంది. తన సన్నద్ధతకు మించిన కాలేజీలో పడ్డ విద్యార్థి, ముఖ్యంగా సైన్స్, ఇంజినీరింగ్‌లలో, తన స్థాయికి దగ్గరి కాలేజీలో పూర్తి చేయగలిగిన పట్టాను ఇక్కడ వదులుకుంటాడని వారి వాదన. యూసీ క్యాంపస్‌ల లెక్కలతో 2016లో వచ్చిన ఒక అధ్యయనం సైన్స్ కోర్సుల్లో దీన్ని చూపింది. రెండో వర్గం ఎదురు ఆధారం చూపుతుంది. కాలిఫోర్నియాలో 2001లో ప్రతి స్కూల్లో పై 4 శాతానికి ప్రవేశం మొదలైన రోజుల్లో, హద్దుకు అటూ ఇటూ ఉన్న పిల్లలను జాకరీ బ్లీమర్ పోల్చారు. అంచున లోపలికి వచ్చిన బలహీన స్కూళ్ల పిల్లలు పట్టా పొందడంలోనూ, తొలి ఏళ్ల సంపాదనలోనూ ముందున్నారు. టెక్సస్ ఆధారమూ ఇటే మొగ్గుతుంది. నా దృష్టిలో మొత్తం మీద రెండో వర్గం ఆధారాలు బలంగా ఉన్నాయి, సైన్స్ కోర్సుల విషయంలో మొదటి వర్గం హెచ్చరికను కొట్టేయలేం.

పెద్ద కాలేజీ వల్ల అసలు లాభమెంత అన్న ప్రశ్నకు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఉదహరిస్తారు. సమాన సామర్థ్యం ఉన్నవారిలో చాలామందికి కాలేజీ పేరు వల్ల సంపాదన పెద్దగా మారలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం మారింది. పరిచయాలు, దారి చూపేవారు ఇంట్లోనే ఉన్నవారికి కాలేజీ వాటిని కొత్తగా ఇవ్వనక్కరలేదు. లేనివారికి కాలేజీయే ఇవ్వాలి.

నిలబడటం అన్నది విద్యార్థి ఒక్కరి సామర్థ్యం కాదని యూటీ ఆస్టిన్ రసాయనశాస్త్ర విభాగం 1999లోనే చూపింది. మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో 500 మంది. అందులో వెనకబడుతున్నవారు ఎక్కువగా పల్లె స్కూళ్ల నుంచీ, పేద స్కూళ్ల నుంచీ ర్యాంకుతో నేరుగా వచ్చిన పిల్లలని గమనించిన ప్రొఫెసర్ ఒకరు, అలాంటి 50 మందిని విడిగా చిన్న క్లాసులో కూర్చోబెట్టారు. శాట్‌లో వారు మిగతావారికన్నా సగటున 200 పాయింట్లు తక్కువ. వారికి పాఠం తేలిక చేయలేదు. అదే ఉపన్యాసం, అదే ప్రశ్నపత్రం. అదనంగా వారానికి కొన్ని గంటలు, తోటి విద్యార్థుల సాయం, సలహాదారులు. సెమిస్టరు చివర ఆ 50 మంది గ్రేడులు పెద్ద క్లాసువారి గ్రేడులతో సమానంగా వచ్చాయి. తర్వాతి ఏళ్లలో యూనివర్సిటీ ఈ పద్ధతిని విస్తరించింది. నాలుగేళ్లలో పట్టా పూర్తి చేసేవారు సగానికి కాస్త పైన ఉండేవారు, 2018 నాటికి 70 శాతం దగ్గరికి చేరారు.

అందుకే బలహీనమైన స్కూలు నుంచి వచ్చే విద్యార్థి ఒక కాలేజీని బేరీజు వేసేటప్పుడు ప్రవేశ శాతం కన్నా పనికొచ్చే అంకెలు కొన్ని ఉన్నాయి. తక్కువ ఆదాయమున్నవారికిచ్చే ఫెడరల్ పెల్ గ్రాంటు పొందే విద్యార్థుల్లో ఎంతమంది పట్టా పూర్తి చేస్తున్నారు, మొదటి ఏడాది కాలిక్యులస్‌లోకి వెళ్లడానికి ముందు వేసవిలో స్కూలు చదువు లోటు పూడ్చే వంతెన కోర్సు ఉందా, ఆ వేసవి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నవి. పెల్ విద్యార్థుల పట్టా శాతాన్ని కాలేజీలు ఫెడరల్ విద్యాశాఖకు నివేదిస్తాయి, కాబట్టి అది ఎవరైనా చూడవచ్చు. మిగతా రెండింటికీ జవాబు ఆ కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకు ఫోను చేస్తే దొరుకుతుంది.